పంది మీదికి ఏ తుపాకి? పాలమూరు, నల్లగొండ చేలల్లో అడవిపందుల కాల్పుల వెనక చట్టం, తూటా, కంచె లెక్కలు

యాసంగి పల్లి చేలల్లో కాయ ఊరే సమయానికి అచ్చంపేట, కొల్లాపూర్, దేవరకొండ వైపు ఏ ఊళ్లో కూర్చున్నా మాట పందుల మీదికే పోతుంది. సాయంత్రం పచ్చగా ఉన్న చేను తెల్లారేసరికి నాగలి పెట్టి తిరగేసినట్టు ఉంటుంది. మక్క, వరి, చిలగడదుంప దేన్నీ వదలవు. కాసేపటికి ఆ ముచ్చట తుపాకుల మీదికి మళ్లుతుంది. లైసెన్స్ తీసుకుని కాల్చేస్తే తప్పేంటని ఒకరంటారు. ట్వెల్వ్ బోర్ చాలని ఇంకొకరు, చాలదు రైఫిలే కావాలని మరొకరు. ఆఫ్రికా వేట వీడియోలు చూసిన కుర్రాళ్లయితే ఏకంగా ఏనుగులను కొట్టే .375 రైఫిల్ అంటారు.

ఈ వాదనలో నాలుగు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. పందిని చంపొచ్చా? తుపాకి ఉంచుకోవచ్చా? ఏ తుపాకి నమ్మదగింది? దాంతో చేను దక్కుతుందా? ఒకదానికి ‘అవును’ అని జవాబు వస్తే మిగతా మూడూ తేలిపోయినట్టు అనుకోవడంతోనే చిక్కంతా వస్తోంది.

మన దగ్గర పెద్ద జంతువుల వేట అనేదే లేదు

మహబూబ్‌నగర్‌కు ఆ పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీదుగా వచ్చింది. ఆయన పేరు మోసిన పులుల వేటగాడు. మన్ననూరు దాటాక శ్రీశైలం రోడ్డు మీద వచ్చే ఫరహాబాద్ కూడా నిజాముల వేట విడిదే. వేటగాడి పేరున్న జిల్లాలో ఇప్పుడు వేటే నేరం. ఆ మార్పు తెచ్చింది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. దాని 9వ సెక్షన్ వేటను నిషేధిస్తుంది.

ఆ చట్టంలో వేట అంటే కాల్చి చంపడం ఒక్కటే కాదు. విషం పెట్టడం, ఉచ్చు పన్నడం, ఎర వేయడం, పట్టుకోవడం, చివరికి వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. బైక్ క్లచ్ వైరుతో చేసిన ఉచ్చు ఖాళీగా దొరికినా కేసు అవుతుందన్నమాట. మామూలుగా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. పులి, చిరుత లాంటి మొదటి షెడ్యూలు జంతువు విషయంలోనో, అభయారణ్యంలో వేటాడితేనో కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు.

ఆఫ్రికాలో కొన్ని దేశాలు డబ్బు తీసుకుని వేటకు పర్మిట్ ఇస్తాయి. ఏనుగు, అడవిదున్న లాంటి ప్రమాదకర జంతువులకు .375 కంటే చిన్న తూటా వాడకూడదని అక్కడ చాలాచోట్ల నియమం ఉంది. వీడియోల్లో కనిపించే సామగ్రి ఆ చట్టాలకు, ఆ జంతువులకు తగ్గది. మన పల్లి చేనుకు దాంతో పని లేదు.

చంపే అనుమతి ఎక్కడి నుంచి వస్తుంది

నిషేధానికి మినహాయింపు అదే చట్టం 11వ సెక్షన్‌లో ఉంది. రెండో షెడ్యూలు జంతువు మనుషుల ప్రాణానికి గాని, నిలబడి ఉన్న పంట సహా ఆస్తికి గాని ప్రమాదంగా మారిందని తేలితే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణుల బాధ్యత చూసే పెద్ద అధికారి) లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి కారణాలు రాతపూర్వకంగా చూపి చంపడానికి అనుమతి ఇవ్వొచ్చు. అడవిపంది ముందు మూడో షెడ్యూల్లో ఉండేది. 2022 సవరణలో షెడ్యూళ్లను ఆరు నుంచి నాలుగుకు కుదించినప్పుడు రెండోదానిలోకి వచ్చింది. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

దీన్ని 62వ సెక్షన్‌తో కలిపేసి మాట్లాడేవాళ్లు ఎక్కువ. ఆ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం ఒక ప్రాంతంలో, ఒక కాలానికి ఒక జంతువును ‘హానికర జంతువు’గా ప్రకటించొచ్చు. ప్రకటించిన చోట, ఆ గడువులో దానికి చట్ట రక్షణ ఉండదు. 2015, 2016లలో బీహార్, ఉత్తరాఖండ్‌లలో అడవిపందుల విషయంలో అలా చేశారు. కేరళ పదేపదే అడిగినా కేంద్రం ఒప్పుకోలేదు. దాంతో ఆ రాష్ట్రం 2022లో 11వ సెక్షన్ దారినే పట్టి, స్థానిక సంస్థల అధ్యక్షులకు అనుమతి అధికారం ఇచ్చింది. తెలంగాణలో కూడా సర్పంచులను గౌరవ వన్యప్రాణి వార్డెన్లుగా గుర్తించి, ప్యానెల్‌లో ఉన్న షూటర్ల చేత కాల్పించే ఏర్పాటు వచ్చింది.

‘సర్పంచ్ చెప్తే కాల్చొచ్చట’ అన్న మాట ఊళ్లలో అలా పుట్టిందే. సగమే నిజం. అనుమతి ఊరికి కాదు, ఫలానా చోట పంట పాడు చేస్తున్న పందుల మీదికి. కాల్చాల్సింది చేను యజమాని కాదు, అధికారం పొందిన షూటర్. చచ్చిన పంది 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి. మాంసం పంచుకున్నారంటే అనుమతితో మొదలైన పని కేసుతో ముగుస్తుంది.

లైసెన్స్ వేరు, అనుమతి వేరు

తుపాకి లైసెన్స్ 1959 నాటి ఆయుధాల చట్టం కింద వస్తుంది. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, పంట కాపలాకు ఆ చట్టంలో ప్రత్యేకంగా చోటు ఉంది. 13వ సెక్షన్ ప్రకారం పంట రక్షణకు మూతి వైపు నుంచి మందు కూరే తుపాకికి లైసెన్స్ ఇవ్వాలి. అది సరిపోదని అధికారి భావిస్తే గొట్టం లోపల నున్నగా ఉండే ఇంకో తుపాకికి ఇవ్వొచ్చు. అంటే పంట పేరు చెప్పి అడిగే రైతుకు చట్టం చూపేది గొట్టం లోపల గాడులుండే రైఫిల్ కాదు. 2019 సవరణ తర్వాత లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది, ఒకరి దగ్గర ఉండగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. లైసెన్స్ లేని నాటు తుపాకి ఇంట్లో దొరికితే రెండు నుంచి ఐదేళ్ల జైలు.

ఇద్దరు రైతులను ఊహించుకుందాం. ఒకరిది నకిరేకల్ దగ్గర, ఇంకొకరిది మన్ననూరు దగ్గర. ఇద్దరికీ పందుల బెడదే, ఇద్దరూ లైసెన్స్ అడిగారు. నకిరేకల్ రైతు దరఖాస్తు పోలీసు విచారణ మీదుగా మామూలు దారిలో పోతుంది. మన్ననూరు అమ్రాబాద్ పులుల అభయారణ్యాన్ని ఆనుకుని ఉంది. వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు కొత్త తుపాకి లైసెన్స్ ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందే ఒప్పుకోవాలి. ఆయుధంతో అభయారణ్యంలో అడుగు పెట్టడానికి 31వ సెక్షన్ కింద మళ్లీ వేరే అనుమతి. పందులు ఎక్కువ ఉన్నచోటే తుపాకి దొరకడం కష్టం. ఇది అన్యాయమని రైతు అంటాడు. తుపాకులు పెరిగితే పోయేది పందులే కాదు, జింకలూ పులులూ కూడానని అటవీ శాఖ అంటుంది. రెండూ నిజమే కాబట్టే ఈ పంచాయితీ తెగదు.

లైసెన్స్ వచ్చినా ఇంకో చిక్కు. ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్స్ తుపాకులు పోలీస్ స్టేషన్‌లో జమ చేయమంటారు. చేనులో పల్లి ఉన్నప్పుడే ఎన్నికలు వస్తే తుపాకి స్టేషన్‌లో, పంది చేన్లో.

అన్నిటికంటే ముఖ్యం, లైసెన్స్ ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. 11వ సెక్షన్ కాగితం లేకుండా కాలిస్తే లైసెన్స్ తుపాకితో చేసినా అది వేటే.

ట్వెల్వ్ బోర్ ఎంత దూరం పనికొస్తుంది

బోరు నంబరు పెరిగితే తుపాకి పెద్దదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉల్టా. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌండు తూగితే అది 12 బోర్. గొట్టం వెడల్పు దాదాపు 18.5 మిల్లీమీటర్లు. ఇందులో వేసే తూటాలు రకరకాలు. పిట్టల కోసం చేసిన సన్న రవ్వ పందికి గాయం చేస్తుంది, చంపదు. గాయపడ్డ పంది తుప్పల్లో పడుకుని మరునాడు గడ్డి కోయడానికి వచ్చిన మనిషి మీద పడుతుంది. పెద్ద గుండ్లు ఉండేది ఎల్‌జీ తూటాలో. ఒక్కో గుండు 9 మిల్లీమీటర్ల పైచిలుకు. అన్నింటికీ బదులు ఒకే బరువైన ముద్ద ఉంటే దాన్ని స్లగ్ అంటారు.

ఎల్‌జీ మీద నమ్మకం ఎక్కువ, లెక్క తక్కువ. గొట్టం దాటగానే గుండ్లు చాటలోంచి చల్లిన గింజల్లా విడిపోతూ పోతాయి. తూటాలో ఎనిమిది గుండ్లు ఉన్నాయనుకుందాం. పంది ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పు వృత్తం అనుకుందాం. 15 మీటర్ల దగ్గర గుండ్లు 40 సెంటీమీటర్ల వృత్తంలో పడితే, అందులో నాలుగో వంతు ఆ చోటు. ఎనిమిదిలో రెండు గుండ్లు సరైన చోట దిగుతాయి. 40 మీటర్లకు ఆ వృత్తం మీటరు వెడల్పు అయిందంటే, కావలసిన చోటు అందులో 4 శాతమే. ఎనిమిదికి 0.32 గుండు. అంటే మూడుసార్లు కాలిస్తే ఒకసారి ఒక గుండు తగలొచ్చు, మిగిలినవి పొట్టలోనో కాలిలోనో దిగుతాయి. గొట్టాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి గాని లెక్క తీరు మారదు. పైగా ముదురు మగపందికి భుజం మీద డాలు లాంటి గట్టి పొర ఉంటుంది. ఒంటరి గుండు దాన్ని దాటి లోపలికి పోవడం కష్టం.

జర్మనీలో ఉన్నదీ మన జాతి అడవిపందే. అక్కడి వేట చట్టం గిట్టల జంతువుల మీద ఇలా విడిపోయే గుండ్లను వాడటాన్నే నిషేధించింది. పందికి కనీసం 6.5 మిల్లీమీటర్ల రైఫిల్ తూటా ఉండాలి, 100 మీటర్ల దగ్గర దానికి 2,000 జౌళ్ల శక్తి మిగలాలి. స్లగ్‌కు మాత్రం ఒప్పుకుంటుంది. మన చట్టమేమో పంట కాపలాకు ముందు చూపేదే మందు కూరే తుపాకి. ఇది శాంతిభద్రతల దృష్టితో రాసిన నియమం. జంతువు బాధ లేకుండా చావాలన్న లెక్క అందులో లేదని నా అభిప్రాయం.

రైఫిల్ నమ్మకమే, కాని తప్పిన తూటా ఎక్కడికి పోతుంది

మన దేశంలో లైసెన్స్ మీద ఎక్కువగా కనిపించే రైఫిల్ .315. సైన్యం వాడే .303, 7.62 లాంటివి పౌరులకు నిషిద్ధం కాబట్టి ఆయుధ కర్మాగారాలు దీన్ని పౌరుల కోసం చేస్తున్నాయి. దాని తూటా బరువు దాదాపు 15.8 గ్రాములు. వేగం సెకనుకు 600 మీటర్లనుకుంటే శక్తి 2,800 జౌళ్లకు పైనే. పందికి చాలు. ముందు భాగం మెత్తగా ఉండి, తగలగానే విచ్చుకునే తూటా అయితే లోపలే శక్తినంతా వదులుతుంది. పూర్తిగా రాగి తొడుగున్నది పందిని దాటిపోయి వెనక ఉన్న మరో ప్రాణాన్ని తాకొచ్చు.

తగిలితే సమస్య లేదు. తప్పితే ఆ తూటా కిలోమీటర్లు పోగలదు. మన చేలల్లో రాత్రిపూట ప్రతి నాలుగెకరాలకు ఒక కాపలా మనిషి, మధ్యలో బోరు మోటారు వేయడానికి వచ్చినవాడు, అంచున గొర్రెల మంద. అందుకే అనుభవం ఉన్న షూటర్లు తుపాకి కంటే ముందు మంచె అడుగుతారు.

ఎందుకో చిన్న లెక్కతో చూడొచ్చు. పంది 40 మీటర్ల దూరంలో ఉంది, గురిపెట్టే చోటు నేల నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తు. నేల మీద నిలబడి 1.4 మీటర్ల ఎత్తు నుంచి కాలిస్తే తూటా 40 మీటర్లలో ఒక్క మీటరే దిగుతుంది. తప్పితే పంది దాటాక మరో 16 మీటర్లకు, దాదాపు నేలకు సమాంతరంగా, 1.4 డిగ్రీల కోణంలో తాకుతుంది. 4 మీటర్ల మంచె మీద నుంచైతే పంది వెనక నాలుగున్నర మీటర్లలోపే, 5 డిగ్రీల కోణంలో నేలకు తగులుతుంది. కోణం ఎంత తక్కువైతే తూటా ఎగిరి పక్కకు పోయే ప్రమాదం అంత ఎక్కువ. దేవరకొండ, అచ్చంపేట నేలల్లో గుండ్రాళ్లు ఎక్కువ కాబట్టి 5 డిగ్రీలు కూడా పూర్తి భరోసా కాదు. వెనక గట్టో, గుట్టో ఉంటే తప్ప కాల్చకపోవడమే పద్ధతి.

మిగతా సామాను గురించి రెండు మాటలు చాలు. పందులకు ఎర్ర వెలుగు సరిగా కనిపించదు, అందుకే టార్చికి ఎర్ర గ్లాసు పెడతారు. వాసన మాత్రం అద్భుతంగా పసిగడతాయి, గాలి వాలు చూసుకోకపోతే ఏ టార్చీ పనికిరాదు. వానాకాలం ఇంటి మూలన పడున్న తూటాలు చెమ్మ పట్టి ఆలస్యంగా పేలొచ్చు. పేలలేదని వెంటనే గొట్టం విప్పడం ప్రమాదం.

కరెంటు తీగ, జట్కా మెషీన్ ఒకటి కాదు

తుపాకి దొరకనివాళ్లు పట్టే దారి కరెంటు. మోటారు స్టార్టర్ నుంచి ఇనుప తీగ లాగి చేను చుట్టూ కడతారు. దీన్ని సోలార్ కంచెతో కలిపి మాట్లాడటం వినిపిస్తూనే ఉంటుంది, కాబట్టి తేడా వివరంగా చూడాలి.

ఇంటి కరెంటు 230 వోల్టులు. తడి కాళ్లతో ఉన్న మనిషి శరీరం అడ్డు 1,000 ఓమ్‌లు అనుకుంటే 230 మిల్లీఆంపియర్లు పారుతుంది. 50 మిల్లీఆంపియర్లు ఒక సెకను దాటి పారితేనే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. పైగా ఈ కరెంటు ఆగదు. సెకనుకు 50 జౌళ్ల పైన శరీరంలోకి పోతూనే ఉంటుంది, కండరాలు బిగుసుకుని తీగ వదలడం కుదరదు.

ఊళ్లలో జట్కా మెషీన్ అని పిలిచేది బ్యాటరీ మీద, సోలార్ ప్యానెల్ మీద నడుస్తుంది. వోల్టేజీ వేలల్లో ఉంటుంది, వింటే భయమేస్తుంది. కాని అది దాదాపు సెకనుకు ఒకసారి, కనురెప్ప పాటు కంటే తక్కువసేపు కొట్టి ఆగుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఒక్కో దెబ్బ 5 జౌళ్లు దాటకూడదు. జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, చావదు. ప్రాణం తీసేది ఎన్ని వోల్టులు అన్నది కాదు, ఎంత కరెంటు ఎంతసేపు పారింది అన్నది. ప్రమాణానికి లోబడని చౌక మెషీన్లు, మెషీన్‌ను దాటవేసి నేరుగా మెయిన్స్ కలిపినవి ఈ లెక్కలోకి రావు.

కరెంటు తీగకు చిరుత చస్తే మొదటి షెడ్యూలు కేసు. పక్క చేను రైతు చస్తే భారతీయ న్యాయ సంహితలో మనిషి చావుకు కారణమైనందుకు పెట్టే 105వ సెక్షన్ గాని 106 గాని, దాంతోపాటు కరెంటు దొంగతనం కేసు. తీగ ఎవరినీ గుర్తుపట్టదు, కట్టినవాడిని కూడా.

చంపితే తగ్గుతాయా

ఇక్కడ అభిప్రాయాలు చీలతాయి. రైతు సంఘాలు ఊరూరా పెద్ద ఎత్తున కాల్పులు జరగాలంటాయి. వన్యప్రాణుల పక్షాన మాట్లాడేవాళ్లు పులికీ చిరుతకూ అడవిపంది ముఖ్యమైన ఆహారమని, అది తగ్గితే అవి పశువుల మీద పడతాయని అంటారు. షూటర్లు మధ్యలో నిలబడి, అనుమతి కాగితం వచ్చేసరికి పంట కోతే అయిపోతోందంటారు.

అంకెలతో ఊహించి చూద్దాం. ఒక ఊరి చుట్టూ 20 పందులు, వాటిలో 8 ఆడవి. ఆడపంది చూలు నిలిచాక నాలుగు నెలల లోపే ఈనుతుంది. ఏడాదికి ఒక్క ఈతే అనుకుని, ఈతకు 5 పిల్లలు పుట్టి సగం బతికాయన్నా 20 కొత్తవి. అంటే ఉన్న సంఖ్య ఉన్నట్టే నిలబెట్టడానికి ఏటా 20 చంపాలి. ఒక రాత్రి కాపు కాస్తే మొదటి చప్పుడుకే మంద చెదిరిపోతుంది, ఒకటో రెండో పడతాయి. కొన్ని చచ్చాక మిగిలినవాటికి తిండి ఎక్కువ దొరికి పిల్లలు ఎక్కువ బతకడం కూడా జరుగుతుంది. ఒక చేనుకు పది రాత్రులు ఊరట ఇవ్వడానికి తుపాకి పనికొస్తుంది. మండలంలో పందుల సంఖ్య తగ్గించడానికి అదొక్కటే చాలదని నాకు అనిపిస్తుంది.

కంచె ఖర్చు ఎవరిది

పాత చీరలు, టపాసులు, రేడియో చప్పుడు కొన్నాళ్లు పనిచేస్తాయి. పందులు తెలివైనవి, ప్రమాదం లేదని తెలిశాక పట్టించుకోవు. కంచె మెరుగే గాని దాని లెక్క విడిగా చేస్తే ఒకలా, కలిసి చేస్తే ఒకలా ఉంటుంది. చతురస్రంగా ఉన్న ఎకరం చుట్టుకొలత సుమారు 254 మీటర్లు. పదహారు మంది తలా ఎకరం విడివిడిగా కట్టుకుంటే 4 కిలోమీటర్లకు పైగా కంచె. పదహారెకరాలు ఒకే చెక్కగా ఉండి అందరూ కలిసి కడితే 1,018 మీటర్లు. ఎకరాకు 254 కాస్తా 64 మీటర్లవుతుంది.

కాగితం మీద తేలిక, ఊళ్లో కాదు. తీగ కింద గడ్డి పెరిగితే కరెంటు భూమిలోకి కారిపోతుంది, దాన్ని కోసేది ఎవరు? గేటు మూయడం ఎవరి వంతు? పత్తి వేసినవాడు పల్లి వేసినవాడంత డబ్బు ఎందుకు ఇవ్వాలి? కౌలు రైతు ఈ ఏడు కట్టిన కంచె వచ్చే ఏడు ఎవరిది? ఒక్కరే కట్టుకుంటే పందులు ఆకలితో అడవికి తిరిగిపోవు, కంచె లేని పక్క చేనులోకి పోతాయి. ఆ చేను సాధారణంగా కంచెకు డబ్బు లేనివాడిది, మోటారు స్టార్టర్ నుంచి తీగ లాగాలన్న ఆలోచన ముందుగా వచ్చేదీ అతనికే.